లీడర్, టిప్పెట్, ఫ్లై: ఏ ముడి ఎక్కడ కట్టాలి?

పోయిన ఎపిసోడ్‌లో ఫ్లై లైన్ల బరువుల గురించి చెప్పుకున్నాం. ఈసారి ముళ్ళు. ఈ విషయం అడిగేవాళ్ళు రెండు రకాలుగా ఉంటారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు "ఎన్ని ముళ్ళు నేర్చుకోవాలండీ?" అంటారు. నాలుగైదేళ్ళుగా నదిలో దిగుతున్నవాళ్ళు "అన్నిటికన్నా గట్టి ముడి ఏదండీ?" అంటారు. మొదటి ప్రశ్నకి నా జవాబు: నాలుగు చాలు. రెండో ప్రశ్నకి జవాబు కొంచెం పెద్దది. చలిలో, గాలిలో, సాయంత్రం వెలుగు తగ్గాక, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మీ వేళ్ళు తడుముకోకుండా కట్టగలిగిన ముడే మీకు గట్టి ముడి. పుస్తకంలో దాని మార్కులెన్ని అనేది తర్వాతి సంగతి.

నేను కొలరాడోలో ఉంటాను కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే వస్తాయి. డెన్వర్ నుంచి దగ్గరగా వెళ్ళగలిగేది సౌత్ ప్లాట్ నది, డెక్కర్స్ దగ్గర, దానికి పైన చీస్‌మన్ కేన్యన్. డ్యామ్ కింద నుంచి వచ్చే నీళ్ళు, అద్దంలా ఉంటాయి. చేపలకి రోజూ మనుషుల్ని చూసే అలవాటుంది. పెసర గింజంత ఉన్న ఫ్లై వేస్తే గానీ నోరు తెరవవు. అలాంటి చోట ముడి సంగతి బయటపడిపోతుంది.

ముందు దారం గురించి రెండు మాటలు. ఇది తెలియకపోతే ముడి ఎందుకు జారుతుందో అర్థం కాదు.

ఫ్లై లైన్ లావుగా, రంగుగా ఉంటుంది. దాని చివర తగిలించేది లీడర్. మామూలుగా 9 అడుగులు, లైన్ వైపు లావుగా మొదలై ఫ్లై వైపు వచ్చేసరికి సన్నబడిపోతుంది. ఈ సన్నబడటం ఎందుకంటే, మనం విసిరిన ఊపు లైన్‌లోంచి లీడర్‌లోకి, అక్కడి నుంచి కొసకి మెల్లగా అరిగిపోతూ వెళ్ళాలి. అప్పుడే ఫ్లై నీటిమీద దూది రాలినట్టు రాలుతుంది. చార్లెస్ రిట్జ్ అని ప్యారిస్ హోటల్ కుటుంబానికి చెందిన ఆయన ఒక లెక్క చెప్పాడు: 60 శాతం లావు భాగం, 20 శాతం నడిమి భాగం, 20 శాతం టిప్పెట్. లీడర్ సొంతంగా కట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఆ లెక్క నుంచే మొదలుపెడతారు. టిప్పెట్ అంటే ఆ చివరి ఒకటిన్నర, రెండు అడుగుల సన్నదారం. ఫ్లై మార్చిన ప్రతిసారీ మూడు నాలుగు అంగుళాలు పోతుంది. పోనిచ్చి పోనిచ్చి, టిప్పెట్ అయిపోయి లీడర్ సన్నభాగం కూడా తినేసేదాకా ఊరుకుంటే, "9 అడుగుల లీడర్" కాస్తా ఏడడుగుల మోకు అయిపోతుంది. అందుకే కొత్త టిప్పెట్ కలుపుకోవడం రావాలి. ఈ ఎపిసోడ్‌లో సగం దాని గురించే.

ఇక డబ్బామీద రాసే 4 ఎక్స్, 5 ఎక్స్ ఏమిటి? నైలాన్ రాకముందు ఈ దారాలు పట్టుపురుగు నుంచి వచ్చేవి. మన ధర్మవరం, పోచంపల్లి చీరలకి వాడే మల్బరీ పట్టు పురుగే. కానీ గూడు కట్టాక దాని పట్టు తీయడం కాదు. గూడు కట్టబోయే ముందే పురుగుని వెనిగర్‌లో నానబెట్టి, లోపలి పట్టు గ్రంథిని బయటికి తీసి, చేత్తో సాగదీసేవాళ్ళు. స్పెయిన్‌లో మూర్సియా ఆ పనికి పేరుపొందిన ఊరు. ఆ తీగని ఇంకా సన్నం చెయ్యాలంటే చిన్న రంధ్రం ఉన్న పలకలోంచి లాగేవాళ్ళు. ఎన్నిసార్లు లాగితే అన్ని ఎక్స్. ఐదుసార్లు లాగితే 5 ఎక్స్. అందుకే అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పేరు అలాగే మిగిలిపోయింది. ఇప్పుడు లెక్క సులువు: 11లోంచి ఎక్స్ ముందున్న అంకె తీసేయండి. వచ్చినది అంగుళంలో వెయ్యో వంతులు. 5 ఎక్స్ అంటే 11 మైనస్ 5, అంటే 6. అంగుళంలో వెయ్యింట ఆరు వంతులు మందం. 3 ఎక్స్ అయితే 8. ఇది మందం లెక్క మాత్రమే, బలం లెక్క కాదు. ఒక కంపెనీ 5 ఎక్స్ నాలుగున్నర పౌన్లు అంటుంది, ఇంకోటి ఆరు అంటుంది. డబ్బామీద చూసుకోండి.

ఏ ఫ్లైకి ఏ టిప్పెట్ అంటే, ఫ్లై సైజుని మూడుతో భాగించండి. 16 సైజు ఫ్లై, మూడుతో భాగిస్తే ఐదు పైచిలుకు, 5 ఎక్స్. 12 సైజుకి 4 ఎక్స్. ఇది శాసనం కాదు. పెద్ద ఫ్లైకి సన్న టిప్పెట్ కడితే విసురుతున్నప్పుడు మెలికపడి పురి ఎక్కిపోతుంది. చిన్న ఫ్లైకి లావు టిప్పెట్ కడితే అసలు బెజ్జంలో దూరదు, దూరినా ఫ్లై కొయ్యబారినట్టు కదులుతుంది.

పట్టు తీగకి ఒక గుణం ఉండేది. వాడే ముందు నానబెట్టాలి, ఎండితే పుటుక్కున విరిగేది, కానీ ముడి వేస్తే పట్టుకునేది. 1938లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ని ప్రకటించింది. తర్వాతి సంవత్సరాల్లో పట్టు తీగ మెల్లగా అంగళ్ళలోంచి మాయమైంది. నైలాన్ నానబెట్టక్కర్లేదు, సాగుతుంది, చవక. కానీ నునుపు. పట్టు తీగలో నిలబడిన ముళ్ళు నైలాన్‌లో జారిపోయేవి. మనం ఇవ్వాళ వేసే ఐదు చుట్లు, ఆరు చుట్లు అన్నీ ఆ నునుపుకి విరుగుడు. ఆ తర్వాత ఫ్లోరోకార్బన్ వచ్చింది. ఇది నైలాన్‌కన్నా బరువు, గట్టి, రాయికి తగిలినా తొందరగా అరగదు, నీళ్ళు పీల్చదు. వెలుగుని వంచే గుణం నీటికి 1.33 అయితే దీనికి 1.42, నైలాన్‌కి ఒకటిన్నర పైన. అంటే నీళ్ళలో కాస్త తక్కువ కనిపిస్తుంది. ట్రౌట్ నిజంగా ఆ తేడా చూస్తుందా అంటే, మనుషులు వాదించుకుంటూనే ఉన్నారు, నేను ఆ వాదంలోకి వెళ్ళను. నీటి అడుగున వేసే నింఫ్‌లకి ఫ్లోరోకార్బన్, పైన తేలే డ్రై ఫ్లైకి నైలాన్. నేను ఇంతవరకే పెట్టుకున్నాను. ముడి విషయంలో గుర్తుంచుకోవలసింది: ఫ్లోరోకార్బన్ బిరుసు. చుట్లు ఒకదానిపక్కన ఒకటి కూర్చోకపోతే అది తనని తానే కోసుకుంటుంది.

సరే, చేతులకి పని పెడదాం. ఇక్కడ బల్లమీద రెండు తాళ్ళు పెట్టుకున్నాను, పెన్సిలంత లావు. ఎర్రది లీడర్, పసుపుది టిప్పెట్. కొసలకి కూడా పేర్లు పెట్టుకుందాం: మీ చేతిలో పొట్టిగా మిగిలే చివర "కొస". రాడ్ వైపు వెళ్ళేది "అసలు దారం".

మొదటిది క్లించ్ ముడి. ఫ్లైని టిప్పెట్‌కి కట్టేది. కొసని గాలం బెజ్జంలోంచి దూర్చండి. నాలుగైదు అంగుళాలు బయటికి తీయండి, పిసినారితనం వద్దు. ఆ కొసని అసలు దారం చుట్టూ ఐదుసార్లు తిప్పండి. ఇప్పుడు బెజ్జం పక్కనే, మొదటి చుట్టుకీ బెజ్జానికీ మధ్య ఒక చిన్న సందు ఉంది, చూడండి. కొసని వెనక్కి తెచ్చి ఆ సందులోంచి దూర్చండి. ఇక్కడితో ఆపితే క్లించ్. ఆ కొస ఇలా వెనక్కి వచ్చినప్పుడు ఒక పెద్ద వలయం ఏర్పడింది కదా, ఆ వలయంలోంచి కూడా ఇంకోసారి దూరిస్తే ఇంప్రూవ్డ్ క్లించ్. 5 ఎక్స్, 6 ఎక్స్‌కి ఐదారు చుట్లు. 2 ఎక్స్ లాంటి లావు దారానికి నాలుగే. లావు దారానికి ఎక్కువ చుట్లు వేస్తే ముడి బిగుసుకోదు, మధ్యలో ఉబ్బి నిలబడిపోతుంది. "ఎక్కువ చుట్లు, ఎక్కువ బలం" అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. కాదండీ. అన్ని చుట్లూ కూర్చుంటేనే బలం.

బిగించే ముందు ముడిని తడపండి. నాలుకతో తడపండి, నదిలో ముంచండి, మీ ఇష్టం. కానీ పొడి ముడిని మాత్రం లాగొద్దు. దారం మీద దారం రాసుకున్నప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి నైలాన్ పైపొర దెబ్బతింటుంది. కంటికి కనపడదు, కనపడేది చేప పోయాకే. తడిపాక, అసలు దారాన్ని మెల్లగా, ఒకే లాగుతో, ఆగకుండా లాగండి. కొసని పట్టుకుని కాదు, అసలు దారాన్ని. చుట్లు స్ప్రింగులా వరసగా వచ్చి బెజ్జం మీద కూర్చుంటాయి. ఒకటి ఇంకోదాని మీదకి ఎక్కిందా? కోసేసి మళ్ళీ కట్టండి. అరనిమిషం పని. ఆ అరనిమిషం ఇవ్వడానికి బద్ధకించేవాళ్ళకి నేను చెప్పేది ఏమీ లేదు.

బిగిశాక కొసని నిప్పర్‌తో కత్తిరించండి. మరీ ముడికి ఆనించి కాదు, ఒక మిల్లీమీటరు ఉంచండి. కత్తిరించిన ముక్క జేబులోకి. దీని సంగతి చివర్లో చెప్తాను.

రెండో ముడి డేవీ. వేల్స్‌లో పుట్టి, అమెరికా వచ్చి ఆర్కన్సాస్‌లోని వైట్ రివర్ మీద స్థిరపడిన డేవీ వాటన్ పేరుమీద ఉంది. ఇది ఎంత చిన్నదంటే మొదటిసారి చూసినవాళ్ళు "అయిపోయిందా?" అంటారు. కొసని బెజ్జంలోంచి దూర్చండి. అసలు దారం చుట్టూ మామూలు ముడి, మనం పూలదండ చివర వేసే ఒంటి ముడి, వదులుగా వేయండి. బిగించకండి. ఇప్పుడు కొసని వెనక్కి తిప్పి, ఆ వదులు ముడికీ గాలానికీ మధ్య నుంచి తెచ్చి, ముడి వలయంలోంచి దూర్చండి. తడపండి, లాగండి. అంతే. రెండంగుళాల దారంతో అయిపోతుంది, ముడి చిన్నది, 20, 22 సైజు ఫ్లైలకి బెజ్జం దగ్గర గుట్టలా కనిపించదు. దీంట్లో ఒక జాగ్రత్త: బిగించేటప్పుడు కొసని వేళ్ళతో పట్టుకుని ఉంచాలి. వదిలేస్తే కొస జారి బయటికి వచ్చేస్తుంది. ఇంకో చుట్టు అదనంగా వేసేవాళ్ళున్నారు, దాన్ని డబుల్ డేవీ అంటారు. కాస్త లావు టిప్పెట్‌కి అది నమ్మకం.

మరి క్లించ్ మంచిదా, డేవీ మంచిదా? ఇక్కడ టేబుళ్ళు చూడొద్దు, ఇంట్లో పరీక్ష పెట్టుకోండి. ఒక అడుగు టిప్పెట్ తీసుకోండి. ఒక చివర పాత గాలం ఒకటి క్లించ్‌తో, రెండో చివర ఇంకో గాలం డేవీతో కట్టండి. రెండు కొక్కేలనీ రెండు పటకార్లతో పట్టుకుని నిదానంగా లాగండి. ఒకటి తెగుతుంది. ఏది తెగిందో కాగితం మీద రాయండి. పదిసార్లు చెయ్యండి. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, తెగిన గాలం ఎగిరి వస్తుంది, ఇది తమాషా కాదు. ఈ పరీక్షలో గమ్మత్తు ఏమిటంటే, ఒకే రెండు ముళ్ళు, ఒకే దారం, ఇద్దరు మనుషులు చేస్తే ఇద్దరికీ వేరే ఫలితం రావచ్చు. అంటే మీరు కొలిచేది ముడిని కాదు, మీ చేతిని. ఆ సంగతి తెలుసుకోవడానికే ఆ పరీక్ష.

ఇప్పుడు లీడర్‌కి టిప్పెట్ కలపడం. దీనికి రెండు దారులు: సర్జన్ ముడి, బ్లడ్ ముడి.

సర్జన్ ముడి చూడండి. ఎర్ర తాడు చివర, పసుపు తాడు చివర ఎదురెదురుగా ఒకదానిపక్కన ఒకటి ఆరంగుళాలు ఆనించి పెట్టాను. రెండిటినీ కలిపి ఒకే తాడులా పట్టుకుని ఒక వలయం చేస్తున్నాను. ఆ వలయంలోంచి ఎర్ర కొసనీ, పసుపు టిప్పెట్ మొత్తాన్నీ కలిపి దూర్చాలి. మొత్తం అన్నాను, గమనించండి. అందుకే టిప్పెట్‌ని చుట్ట నుంచి ముందే కత్తిరించుకోవాలి, చుట్టతో సహా దూర్చలేరు కదా. ఒకసారి దూర్చారు, రెండోసారి దూర్చండి. నైలాన్‌ని నైలాన్‌కి కలుపుతుంటే రెండుసార్లు సరిపోతుంది. ఫ్లోరోకార్బన్‌ని నైలాన్‌కి కలుపుతుంటే మూడోసారి కూడా. తడపండి. నాలుగు చివరల్నీ, రెండు కొసలు, రెండు అసలు దారాలు, సమానంగా పట్టుకుని లాగండి. రెండు మాత్రమే లాగితే వంకరగా బిగుస్తుంది. పైకి చూడ్డానికి అందంగా ఉండదు, కానీ మందంలో తేడా ఎక్కువున్న దారాల్ని కూడా పట్టుకుంటుంది. చీకటి పడుతున్నప్పుడు నేను ఇదే కడతాను.

దీంట్లో ఇంకో లాభం. కొసల్లో ఒకటి ఫ్లై వైపు తిరిగి ఉంటుంది, ఇంకోటి రాడ్ వైపు. ఫ్లై వైపు ఉన్న కొసని కత్తిరించకుండా ఆరంగుళాలు వదిలితే, దానికి ఇంకో ఫ్లై కట్టుకోవచ్చు. అది లీడర్ దారం తాలూకు కొస, కాబట్టి టిప్పెట్ కన్నా కాస్త లావుగా, బిరుసుగా ఉండి పక్కకి నిలబడుతుంది, చిక్కులు తక్కువ. రాడ్ వైపు తిరిగిన కొసకి కడితే చేప లాగినప్పుడు ముడిని వెనక్కి విరుస్తుంది. ఆ పొరపాటు ఎవరైనా చేస్తుంటే ఆపండి.

బ్లడ్ ముడి అందమైన ముడి, సందేహం లేదు. రెండు దారాలూ ఒకే గీతలో కలుస్తాయి, రాడ్ చివరి కంటిలోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. లీడర్ సొంతంగా కట్టుకునేవాళ్ళు అందుకే దీన్ని వదలరు. రెండు చివరల్నీ ఎదురెదురుగా పెట్టి, ఎర్ర కొసని పసుపు తాడు చుట్టూ ఐదుసార్లు తిప్పి, రెండు తాళ్ళూ కలిసిన నడిమికి తెచ్చి ఆ సందులో పెట్టి పట్టుకోండి. పసుపు కొసని ఎర్ర తాడు చుట్టూ రెండో వైపుకి ఐదుసార్లు తిప్పి, అదే నడిమి సందులోకి తేవాలి. ఎర్ర కొస పైనుంచి వస్తే పసుపు కొస కిందనుంచి రావాలి. రెండూ ఒకే దిక్కునుంచి దూరితే ముడి విడిపోతుంది. ఎక్కువమంది తప్పేది అక్కడే. తడిపి, అసలు దారాలు రెండూ పట్టుకుని లాగితే చుట్లు రెండు పక్కలా పేర్చుకుని కూర్చుంటాయి. మందంలో తేడా రెండు ఎక్స్‌ల లోపే ఉండాలి. 3 ఎక్స్‌కి 5 ఎక్స్ సరే. 2 ఎక్స్‌కి 6 ఎక్స్ కలపాలంటే దీన్ని నమ్మొద్దు, సర్జన్‌కి వెళ్ళండి. వణుకుతున్న వేళ్ళతో, రెండు కొసలూ నోట్లో పట్టుకుని బ్లడ్ ముడి కట్టే మనిషి అటు నిలబడితే, ఈలోపు ఇటువైపు మనిషి సర్జన్ కట్టి ఒక చేపని పట్టి వదిలేసి ఉంటాడు. ఇంట్లో తీరిగ్గా కూర్చుని కట్టుకునేది బ్లడ్ ముడి. అది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు.

నాలుగోది నాన్‌స్లిప్ లూప్. లెఫ్టీ క్రే అనే మేరీల్యాండ్ పెద్దాయన దీన్ని ఊరూరా నేర్పాడు. దీంట్లో ముడి బెజ్జానికి అంటుకోదు, చిన్న వలయంలో ఫ్లై వేలాడుతుంది. స్ట్రీమర్ లాంటి పెద్ద ఫ్లై, చిన్న చేపలా ఈదాల్సినది, బిగించి కడితే కర్రలా వస్తుంది. వలయంలో ఉంటే తోక ఆడిస్తుంది. కట్టడం ఇలా: బెజ్జంలో దూర్చకముందే, కొస నుంచి ఆరేడు అంగుళాల దూరంలో వదులుగా ఒంటి ముడి. కొసని బెజ్జంలోంచి దూర్చి వెనక్కి తెచ్చి, ఆ ఒంటి ముడిలోంచి, అది ఏ వైపునుంచి బయటికొచ్చిందో ఆ వైపునుంచే లోపలికి పంపాలి. తర్వాత అసలు దారం చుట్టూ చుట్లు: సన్నదానికి ఏడు, కాస్త లావుకి ఐదు, ఇంకా లావుకి నాలుగు. మళ్ళీ కొసని ఒంటి ముడిలోకి, అదే వైపునుంచి. తడిపి లాగండి. ఒంటి ముడిని బెజ్జానికి ఎంత దగ్గరగా జరిపితే వలయం అంత చిన్నది.

ఫ్లై లైన్‌కి లీడర్ తగిలించడం గురించి ఎక్కువ చెప్పను. ఇప్పటి లైన్లకి చివర వలయం వేసే అమ్ముతున్నారు, లీడర్‌కీ వలయం ఉంటుంది. లైన్ వలయాన్ని లీడర్ వలయంలోంచి దూర్చి, లీడర్ సన్న కొసని లైన్ వలయంలోంచి లాగితే రెండూ చేతులు కలిపినట్టు కూర్చుంటాయి. అలా కాకుండా సూట్‌కేసుకి పేరు చీటీ తగిలించినట్టు ఒకదాని మెడమీద ఇంకోటి మడతపడి కూర్చుందంటే, విప్పి సరిచేయండి. ఆ మడత లైన్ పైపొరని కోసేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చేప పోయింది. ఎందుకు పోయింది?

అందరూ ఫ్లై పోయిందని బాధపడి కొత్తది కట్టేస్తారు. ఆగండి. దారం కొస చూడండి. కొస చివర పంది తోకలా మెలిక తిరిగి ఉందా? అంటే ముడి తెగలేదు, జారింది. చుట్లు తక్కువయ్యాయి, లేదా సరిగా కూర్చోలేదు. మెలిక లేకుండా పొట్టిగా తెగిందా? ముడి దగ్గరే తెగింది. పొడిగా లాగి ఉంటారు, లేదా చేప ఆ దారానికి మించిన బరువుతో లాగింది. కొస గరుకుగా, తెల్లగా పీచులు లేచినట్టుందా? రాయికి రాసుకుంది. పైనెక్కడో మధ్యలో తెగిందా? అక్కడ గాలి ముడి పడి ఉంటుంది. విసురుతున్నప్పుడు దారంలో తనంతట తానే పడే ఒంటి ముడి. అది టిప్పెట్ బలాన్ని దాదాపు సగానికి తెస్తుంది. అరగంటకోసారి టిప్పెట్‌ని రెండు వేళ్ళ మధ్య కిందనుంచి పైకి జరిపి చూడండి. చిన్న బుడిపె తగిలితే విప్పడానికి కూర్చోకండి, కోసేయండి.

చాలామంది దగ్గర ఇంకో అలవాటు చూస్తాను. చేప పట్టట్లేదు అనగానే సన్న టిప్పెట్‌కి దిగిపోతారు, 6 ఎక్స్, 7 ఎక్స్. తెగుతుందేమోనని భయంతో చేపని మెల్లగా, పది నిమిషాలు ఆడించి ఆడించి తెస్తారు. పట్టి వదిలేసే పద్ధతిలో ఇది మంచిది కాదండీ. ట్రౌట్ చల్లనీళ్ళ చేప. వేసవి మధ్యాహ్నం నీరు 68 ఫారన్‌హీట్ డిగ్రీలకి వచ్చిందంటే, ఆక్సిజన్ తక్కువ, చేపకి ఊపిరందదు. అలాంటప్పుడు పది నిమిషాలు పోరాడిన చేప మీ చేతిలోంచి ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపిస్తుంది. మలుపు తిరిగాక చచ్చిపోతుంది, అది మీరు చూడరు. మంచి ముడితో 5 ఎక్స్ కడితే, పేలవమైన ముడితో 6 ఎక్స్ కట్టినదానికన్నా తక్కువ టైములో చేపని వల దగ్గరికి తేవచ్చు. నీళ్ళు వెచ్చబడితే అసలు ఆ రోజుకి ఆపేయండి. థర్మామీటర్ పెద్ద ఖరీదేమీ కాదు. "పట్టి మళ్ళీ వదిలేసేదానికి పట్టడం ఎందుకురా?" అని మా అమ్మ అడుగుతుంది. దానికి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు, కానీ వదిలినది బతకాలి అనే మాట మటుకు ఆవిడా ఒప్పుకుంటుంది.

ఇంకో ప్రశ్న ఈమధ్య చాలామంది అడిగారు. జూన్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, నాన్నగారికి 70 ఏళ్ళు, చిన్నప్పుడు చెరువులో గాలం వేసినవారే, కానీ ఇప్పుడు కళ్ళు ఆనవు, వేళ్ళు వణుకుతాయి. ఆయనకి ఏ ముడి నేర్పమంటారు? ఇది నాకు నచ్చిన ప్రశ్న. ఎందుకంటే చాలామంది కొడుకులు, కూతుళ్ళు ఆ రోజంతా తామే ముడులు కట్టిస్తారు, ఆయన నిలబడి చూస్తుంటారు. గంటయ్యేసరికి "మీరు పట్టుకోండి నాన్నా, నేను ఒడ్డున కూర్చుంటా" అంటారు ఆయన. ముడి తన చేత్తో కట్టుకోలేని మనిషికి ఆ చేప తనది కాదనిపిస్తుంది.

ఆయనకి టిప్పెట్ రింగ్ పెట్టండి. రెండు మిల్లీమీటర్ల ఉక్కు ఉంగరం. లీడర్ చివర క్లించ్‌తో మీరు ఇంట్లోనే కట్టేయండి. ఒక చిట్కా: రింగులు ఒక చిన్న కొక్కెం మీద గుచ్చి అమ్ముతారు. రింగుని దానిమీద ఉండగానే కట్టండి, ముడి బిగిశాకే విడదీయండి. ముందే తీశారో, అది గడ్డిలో పోయింది. తర్వాత నుంచి టిప్పెట్‌ని రింగుకి కట్టడానికీ క్లించే, ఫ్లైకి కట్టడానికీ క్లించే. అంటే ఆయన ఒకే ముడి నేర్చుకుంటే సరిపోతుంది, లీడర్ కూడా అరగదు. టిప్పెట్ 4 ఎక్స్, ఫ్లై 10 లేదా 12 సైజు, పెద్ద బెజ్జం. జూలై, ఆగస్టులో గడ్డిమిడతలు ఎగిరే రోజుల్లో మిడత ఫ్లై అంటే ఆయనకి కనపడుతుంది కూడా. దారం కొసని ఏటవాలుగా కత్తిరిస్తే బెజ్జంలో సులువుగా దూరుతుంది, వెనకాల లేత రంగు ఆకాశం ఉండేలా ఎత్తి పట్టుకోమనండి. టోపీ అంచుకి తగిలించుకునే భూతద్దాలు దొరుకుతాయి, నలభై దాటిన ప్రతివాళ్ళకీ నేను చెప్పేది అదే, మొహమాటపడొద్దు. వాళ్ళు రాకముందే వీడియో కాల్‌లో, పంచె అంచు దారంతోనో, చెప్పుల తాడుతోనో, ఒక సేఫ్టీ పిన్ను బెజ్జంలో ఐదు చుట్లు నేర్పండి. వచ్చేసరికి చేతికి వచ్చేసి ఉంటుంది. చేపల లైసెన్స్ మాత్రం వాళ్ళ పేరుమీద తీయండి. ఇక్కడ ఒక్క రోజుకి కూడా ఇస్తారు.

చలికాలం సంగతి కూడా చెప్పేస్తాను. జనవరిలో డెక్కర్స్ దగ్గర రాడ్ కళ్ళలో మంచు గడ్డకడుతుంది. అప్పుడు నది ఒడ్డున ముడులు కట్టే ఆలోచనే పెట్టుకోకండి. ముందురోజు రాత్రి రెండడుగుల టిప్పెట్‌లకి ఫ్లైలు కట్టి, స్పాంజి పట్టీకి చుట్టిపెట్టుకోండి. అక్కడ రింగుకి ఒక్క డేవీ వేస్తే చాలు, గ్లవ్ ఒక చేతిదే తీయాలి.

చివరికి ఆ జేబులోని ముక్కలు. ఫ్లోరోకార్బన్‌ని ఎండ కూడా పాడుచేయదు, నీళ్ళూ పాడుచేయవు. అందుకే మనకి ఇష్టం, అందుకే పారేస్తే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. నది ఒడ్డున గూళ్ళు కట్టే చేపడేగలు పుల్లలతో పాటు ఈ దారాల్ని కూడా ఏరుకుపోయి గూట్లో పెడతాయి. పిల్లల కాళ్ళకి చుట్టుకుంటుంది. పాత ఫిల్మ్ డబ్బా మూతకి గాటు పెట్టి నడుముకి తగిలించుకుంటే, ముక్కల్ని దాంట్లోకి దూర్చేయొచ్చు. మీవే కాదు, ఒడ్డున కనపడిన ఇంకొకళ్ళవి కూడా. చెట్టుకొమ్మలకి వేలాడే ఫ్లైలు ఏరితే అప్పుడప్పుడూ మంచివే దొరుకుతాయి, అది లాభం.

వచ్చే ఎపిసోడ్‌లో రెండు ఫ్లైలు ఒకేసారి వేయడం, వాటి మధ్య దూరం, సీసం లేని బరువులు ఎక్కడ పెట్టాలి అనేది చూద్దాం. ఈలోపు ఒక చెప్పుల తాడు, ఒక సేఫ్టీ పిన్ను తీసుకుని టీవీ ముందు కూర్చోండి. ఉంటానండీ.